డేటాబేస్ లేవకపోతే ఏఐ ఏం చేస్తుంది?

ఈ మధ్య నా దగ్గరికొచ్చే తల్లిదండ్రులది ఒకటే పాట: "మావాణ్ణి ఏఐలో పెట్టాలి సార్." నీకేం ఇష్టం బాబూ అని పిల్లాణ్ణి అడిగితే జవాబు నాన్నే చెబుతాడు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డులు మారినప్పుడల్లా పిల్లల దారి మార్చేస్తే ఎలా? ఏఐ అయినా, బ్యాంకు యాప్ అయినా కింద డేటాబేస్ నడవాలి. దాన్ని నడిపే డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్) ఉద్యోగం మాత్రం ఎవరి కంటికీ ఆనదు.

ఈ ఉద్యోగానికి బీటెక్, బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్, ఏదైనా సరిపోతుంది.

ఇంటర్వ్యూలో పిల్లలు తేలిపోయేది పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్ మీద ఇలాంటి ప్రశ్న దగ్గర: "డిస్క్ నిండింది. పోస్ట్‌గ్రెస్ డేటా డైరెక్టరీని కొత్త డిస్క్‌కి మార్చావు. సర్వర్ లేవట్లేదు. ఏం చూస్తావు?" క్వెరీలు బట్టీపట్టినవాళ్లు నీళ్లు నములుతారు. కొందరు ధీమాగా "డైరెక్టరీకి 777 అనుమతి ఇచ్చేస్తా" అంటారు. అంటే ఆ మెషీన్‌లో ఉన్న ప్రతి యూజర్‌కీ అన్ని హక్కులూ! అలా ఇస్తే పోస్ట్‌గ్రెస్ అసలే లేవదు. డైరెక్టరీకి 700 ఉండాలి, 11వ వెర్షన్ నుంచి 750 కూడా చెల్లుతుంది. ఆ సంగతి లాగ్‌లో రాసి మరీ ఆగిపోతుంది, చదివే ఓపిక మనకుండాలి. రూట్‌గా మామూలు కాపీ కొడితే ఫైళ్లన్నీ రూట్ పేరిటకు పోతాయి, వాటిని మళ్లీ పోస్ట్‌గ్రెస్ యూజర్ పేరిటకు తేవాలి. అన్నీ సరిచేశాక కూడా రెడ్‌హ్యాట్‌లో ఎస్‌ఈలైనక్స్ అనే భద్రతా వ్యవస్థ అడ్డుపడొచ్చు. ఉబుంటులో మైఎస్‌క్యూఎల్ అయితే యాప్‌ఆర్మర్.

ఇంతకన్నా ప్రమాదం ఇంకోటుంది. డేటా కొత్త చోటికి కాపీ చేసి, ఆ చోటు సెట్టింగుల్లో రాయడం మరిచారనుకోండి. సర్వర్ పాత డైరెక్టరీతోనే చక్కగా లేస్తుంది. అందరూ హమ్మయ్య అనుకుంటారు. ఎవరో పాత ఫోల్డర్ తుడిచేసినప్పుడు తెలుస్తుంది అసలు కథ.

ఇవన్నీ నేర్చుకోవడానికి పాత లాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషీన్ చాలు. లైనక్స్, పోస్ట్‌గ్రెస్ రెండూ ఉచితం. కావాలనే అనుమతులు చెడగొట్టి, లాగ్ చదివి బాగుచేయమనండి. నన్నడిగితే ఆరునెలల ఏఐ ప్యాకేజీ కన్నా ముందు ఇదే చేయిస్తాను.

కోచింగ్ తప్పదనుకుంటే చేరేముందు ఒక్కటడగండి: ప్రతి విద్యార్థికీ విడిగా లైనక్స్ మెషీన్, దానిమీద పూర్తి హక్కులు ఇస్తారా? ప్రొజెక్టర్ మీద చూపించి పంపేస్తారా? "నూరుశాతం ప్లేస్‌మెంట్" అంటూ ఫీజంతా ముందే గుంజేవాళ్లు, పిల్లాడి పేరిట లోన్ రాయించేవాళ్లు కనిపిస్తే మెట్లు దిగి వచ్చేయండి. రెజ్యూమెలో మూడేళ్ల దొంగ అనుభవం పెట్టిస్తామనేవాళ్లు ఇంకా ప్రమాదం. వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగం పోయేది పిల్లాడికి, సెంటర్‌వాడికి కాదు.

ఈ పనిలో అర్ధరాత్రి ఫోన్లు తప్పవు, మొదటి జీతం పక్కింటి అబ్బాయి ప్యాకేజీ అంత ఉండకపోవచ్చు. అది పిల్లాడికి ముందే చెప్పండి. విన్నాక వద్దంటే, దయచేసి బలవంతపెట్టకండి.