హుక్ ఎక్కడ తగిలించాలో తెలిసినవాళ్లకు ఉద్యోగాలున్నాయి

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ పునర్నిర్మాణానికి 2023 ఏప్రిల్ 8న శంకుస్థాపన జరిగింది. సుమారు 700 కోట్ల రూపాయల పని. కింద రైళ్లు నడుస్తూనే ఉండాలి, పట్టాల మీద 25 వేల వోల్టుల తీగలుంటాయి, వాటికీ పైన కట్టడం. ఇలాంటి చోట బీమ్ మీద నిలబడి బోల్టు బిగించే కుర్రాడు ఎంత అవసరమో, అతను పడిపోకుండా ముందే ఏర్పాటు చేసే మనిషీ అంతే అవసరం. ఐటీఐ, డిప్లొమా, బీటెక్ పూర్తిచేసి సైట్ ఉద్యోగాలకు తిరుగుతున్నవాళ్లలో ఈ రెండో పని మీద దృష్టి పెట్టేవాళ్లు తక్కువ.

చట్టం కూడా ఇప్పుడు ఈ రెండో పని చేసే సేఫ్టీ ఆఫీసర్ల వైపే ఉంది. పాత నిబంధనల్లో 500 మంది కార్మికులున్న నిర్మాణ సైట్‌కే సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో ఆ సంఖ్య 250కి తగ్గింది. అంటే మధ్యస్థాయి అపార్ట్‌మెంట్ ప్రాజెక్టుల్లో కూడా ఈ పోస్టు ఉండాలి.

పోస్టు కోసం సర్టిఫికెట్ సంపాదిస్తే సరిపోతుందనుకోకండి. ఇంటర్వ్యూలో ఎదుటి మనిషికి పని తెలిసుంటే ఒకటే అడుగుతాడు: నాలుగు మీటర్ల ఎత్తు షెడ్డు మీద పనివాడు హార్నెస్ వేసుకుని, దానికున్న రెండు మీటర్ల తాడు, అంటే లానియార్డ్‌ను కాళ్ల దగ్గరున్న పైపుకి తగిలించాడు, క్షేమమేనా? కాదు. లెక్క చూడండి. తాడు 2 మీటర్లు. కుదుపును తగ్గించే అబ్సార్బర్ విచ్చుకుంటే మరో 1.75 మీటర్ల దాకా పెరుగుతుంది. వీపు మీది రింగు నుంచి పాదాల వరకు ఒకటిన్నర మీటరు, ఆపైన ఒక మీటరు అదనపు జాగ్రత్త. మొత్తం ఆరు మీటర్లకు పైగా ఖాళీ కావాలి. నాలుగు మీటర్ల మీద నుంచి పడితే తాడు పూర్తిగా ఆపేలోపే మనిషి నేలకు తగులుతాడు. అక్కడ కావలసింది అంచున గట్టి రెయిలింగ్, లేదా అంచు దాకా వెళ్లనివ్వని పొట్టి తాడు. పైన యాంకర్ దొరికితే, లాగగానే బిగిసే రిట్రాక్టబుల్ లైఫ్‌లైన్. నడుముకు మాత్రమే కట్టే పాత బెల్టు పడేటప్పుడు పొట్టను, వెన్నును చితకగొడుతుంది, దాన్ని ఒప్పుకోవద్దు. ఒళ్లంతా పట్టే హార్నెస్‌కు మన ప్రమాణం ఐఎస్ 3521. ఆ ముద్ర ఉందో లేదో, కుట్లు ఊడాయో లేదో రోజూ ఎక్కే ముందు చేత్తో తడిమి చూడాలి.

ఇంకో సంగతి సైట్ల మీద చాలామంది వదిలేస్తారు. తాడు ఆపింది సరే, వేలాడుతున్న మనిషిని ఎవరు దింపుతారు? తొడ పట్టీలు బిగుసుకుని కాళ్లలో రక్తం నిలిచిపోతుంది, కొన్ని నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. 108 వచ్చేదాకా ఆగడానికి లేదు. దింపే పద్ధతి, నిచ్చెన, మనిషి అన్నీ పని మొదలుకాకముందే సిద్ధంగా ఉండాలి. ఆ ఏర్పాటు లేని వర్క్ పర్మిట్ మీద సంతకం పెట్టనని చెప్పగలగడమే ఈ ఉద్యోగంలో అసలు కష్టం. మేస్త్రి గడువు గుర్తుచేస్తాడు, కాంట్రాక్టర్ కోప్పడతాడు. అయినా పెట్టకండి.

బాలానగర్, జీడిమెట్ల వైపు షెడ్లున్న పారిశ్రామికవాడల్లో ఏసీ, సోలార్ పనులకు వెళ్లే కుర్రాళ్లకు ఒక మాట. ఆస్‌బెస్టాస్ రేకు గట్టిగానే కనిపిస్తుంది, మనిషి బరువుకు మాత్రం ఒక్కసారిగా విరుగుతుంది. వెలుతురు కోసం పెట్టిన ప్లాస్టిక్ రేకైతే మరీ ప్రమాదం, దుమ్ము పట్టాక మిగతావాటిలో కలిసిపోతుంది. రేకు మీద కాలు పెట్టకుండా, రేకులను మోసే కింది ఇనుప పర్లిన్ల మీద ఆనేలా పలకలు పరుచుకుని నడవాలి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు, అందుకే ఇది లేక ప్రాణం పోతే నాకు మరీ బాధగా ఉంటుంది.

ఎత్తు పని అంటే సైట్లే కాదు. మోకు, ముత్తాదుతో తాడిచెట్టెక్కే గీత కార్మికులకు 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇలాంటి కిట్ వాడటం నేర్పేవాళ్లు కూడా కావాలి.

ఈ ఉద్యోగాలకు దారుల విషయానికొస్తే, హైదరాబాద్‌లో 1998 నుంచి ఉన్న నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ నిర్మాణ వృత్తుల్లో శిక్షణ ఇస్తుంది. డిగ్రీ లేదా డిప్లొమా తర్వాత కొంత అనుభవం ఉంటే ముంబైలోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ ఏడాది డిప్లొమా గట్టి అర్హత. గల్ఫ్ వెళ్లాలనుకునేవారు నెబోష్ అనే సేఫ్టీ సర్టిఫికెట్ కోర్సు చేస్తారు. ఫీజు కట్టే ముందు శిక్షణ ఇచ్చే సంస్థ పేరు నెబోష్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూసుకోండి, బోర్డు మీద రాసుకున్నంత మాత్రాన నమ్మకండి. ఒంట్లో సత్తువ ఉండి తాళ్ల మీద పనిచేయడం ఇష్టమైతే ఐరాటా సర్టిఫికెట్ లెవెల్ 1 ఉంది: నాలుగు రోజుల శిక్షణ, ఒక రోజు పరీక్ష, మూడేళ్ల చెల్లుబాటు. లెవెల్ 2కి వెళ్లాలంటే కనీసం ఏడాది, వెయ్యి గంటల పని లాగ్‌బుక్‌లో ఉండాలి. అనంతపురం గాలిమరల మీద పనిచేయాలంటే జీడబ్ల్యూవో శిక్షణ అడుగుతారు, దాన్ని రెండేళ్లకోసారి మళ్లీ చేయాలి.

తల తిరగడం, మూర్ఛ, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు దాచిపెట్టి ఎత్తులో పనికి అనుమతించే హైట్ పాస్ తెచ్చుకోవద్దు. అలాంటివాళ్లకూ ఇందులో చోటుంది: పర్మిట్ల విభాగం, పరికరాల తనిఖీ, శిక్షణ. ఈ పనులన్నీ నేల మీద నిలబడే చేయవచ్చు.