అప్పులన్నీ ఒకటి చేశాక కూడా వాయిదా తప్పితే?



స్కాలర్‌షిప్ దరఖాస్తులతో వచ్చే పెద్దల్లో కొందరు ఫీజు మాటతో పాటు ఇంకో మాట మెల్లగా చెబుతారు. నాలుగు చోట్ల ఉన్న అప్పులు తీర్చడానికి బ్యాంకులో ఒకే అప్పు తీసుకున్నారు. ఇప్పుడు ఆ వాయిదా కూడా తప్పింది. భయపడి ఫోను ఎత్తడం లేదు. ముప్పయ్యేళ్లకు పైగా బ్యాంకులో పనిచేసినవాడిగా నా సలహా ఒక్కటే: వాళ్లు మన ఇంటికి రాకముందే మనం కాగితంతో బ్యాంకుకు వెళ్లాలి.

ముందు లెక్క చూద్దాం. అప్పు రూ. 2,50,000, వడ్డీ 14 శాతం, గడువు 5 ఏళ్లు అనుకోండి. నెల వాయిదా సుమారు రూ. 5,817. ఇంటి ఆదాయం రూ. 24,000, తిండి, అద్దె, ఫీజులకు రూ. 20,000 పోతే మిగిలేది రూ. 4,000. అంటే మొదటి నుంచే వాయిదా మిగులుకు మించింది. నెలకు రూ. 4,000 చొప్పున కడితే అప్పు తీరడానికి తొమ్మిదేళ్లు దాటుతుంది. మొత్తం వడ్డీ సుమారు రూ. 99,000 నుంచి రూ. 2,00,000కు పెరుగుతుంది. గడువు పెంచడం ఉచితం కాదు, కానీ కట్టగలిగిన వాయిదా ఉంటే ఇల్లు నిలబడుతుంది.

ఇక చేయవలసినవి:

1. వాయిదా 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీ (ఎన్‌పీఏ) అవుతుంది. ఆ లోపలే మేనేజరుగారిని కలవండి. ఆదాయం, ఖర్చు, కట్టగల మొత్తం రాసి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఒప్పుకోవాలన్న నిర్బంధం బ్యాంకుకు లేదు. అయినా రాసిన కాగితానికి విలువ ఉంటుంది.

2. కట్టలేని మొత్తానికి మాట ఇవ్వకండి, చెక్కు అసలే ఇవ్వకండి. అప్పు కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు కావచ్చు.

3. ఇల్లు తాకట్టులో ఉంటే, 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం ముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. మీ అభ్యంతరం రాసి ఇస్తే 15 రోజుల్లో జవాబు చెప్పాలి. ఆ నోటీసును బీరువాలో దాచకండి.

4. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తరువాత ఫోను చేయకూడదని, బెదిరించకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. అతిక్రమిస్తే తేదీ, సమయం రాసిపెట్టుకుని బ్యాంకుకు ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. రుసుము లేదు.

5. కొంత తగ్గించి ఒకేసారి తీసుకుంటామంటే ఉత్తరం చేతికి వచ్చాకే డబ్బు కట్టండి. అయితే క్రెడిట్ రిపోర్టులో అది ‘సెటిల్డ్’ అని పడుతుంది. రేపు పిల్లల విద్యారుణంలో తండ్రో తల్లో సహ రుణగ్రహీతగా సంతకం చేసేటప్పుడు బ్యాంకు ఆ రిపోర్టు చూస్తుంది.

6. లోక్ అదాలత్‌లో రాజీకి కోర్టు ఫీజు ఉండదు. అక్కడి తీర్పుపై అప్పీలు కూడా ఉండదు, కనుక మొత్తం, గడువు చదువుకుని సంతకం చేయండి.

ఎవరు గట్టిగా అరిస్తే వారికి ఫీజు డబ్బు తీసి కట్టకండి. ఈ వాయిదా కోసం ఇంకో చోట అప్పు తేకండి.

విద్యార్థులకు ఒక మాట. మన ఇళ్లలో తెలుగు మాట్లాడుకుంటాం, బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చదువుతాం. బ్యాంకు నోటీసు మాత్రం తరచు ఇంగ్లీషులో వస్తుంది. అమ్మానాన్నలకు దాన్ని చదివి చెప్పవలసింది మీరే. అర్థం కాకపోతే జిల్లా న్యాయ సేవల సంస్థకు తీసుకువెళ్లండి. మహిళలకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి అక్కడ ఉచిత సలహా దొరుకుతుంది.

అభ్యాసం: ఈ ఆదివారం ఇంట్లో అందరూ కూర్చుని అప్పు, వడ్డీ, వాయిదా, మిగులు అని నాలుగు గడుల పట్టిక వేయండి. మేనేజరుగారి దగ్గరకు తీసుకువెళ్లవలసిన మొదటి కాగితం అదే.