అల్యూమినియం కాయిల్ కన్వర్షన్‌లో రోల్ అరుగుదల ఎంత?

విజయవాడ వర్తకులు అల్యూమినియం కాయిల్ బేరమాడేటప్పుడు చూసేది రెండు అంకెలు. ఒకటి ఇంగాట్ ధర. లండన్ మెటల్ ఎక్స్ఛేంజిలో 1978లో అల్యూమినియం కాంట్రాక్టు మొదలైంది, నేడు ఎం.సి.ఎక్స్. ధర కూడా అందరికీ తెలుస్తూనే ఉంది. రెండవది కన్వర్షన్, అనగా ఇంగాట్‌ను రేకుగా మార్చినందుకు మిల్లు వేసే ఖర్చు. ఒకే గ్రేడు, ఒకే మందం సరుకుకు రెండు మిల్లులు రెండు రకాల కన్వర్షన్ చెబితే, ఎక్కువ చెప్పిన వారిది అత్యాశ అనుకోవడం పరిపాటి. ఆ తేడాలో కొంత భాగం పోత యంత్రపు రోల్‌ది.

పాత పద్ధతిలో పెద్ద దిమ్మ పోసి, దాన్ని వేడి చేసి, పలుమార్లు రోల్ చేసి పలచన చేస్తారు. అమెరికాలో జోసెఫ్ హంటర్ 1950లలో వాడుకలోకి తెచ్చిన పద్ధతిలో కరిగిన లోహమే రెండు రోల్స్ మధ్యకు వెళ్లి, క్షణాల్లో గడ్డకట్టి, సుమారు 6 మి.మీ. పట్టీగా బయటికి వస్తుంది. పెట్టుబడి తక్కువ. (ఆటోనగర్ పిస్టన్ తుక్కులో సిలికాన్ ఎక్కువ గనుక ఈ రేకు గ్రేడులకు పనికిరాదు. కరెంటు తీగల తుక్కుకు మంచి ధర పలకడానికి ఒక కారణం ఇదే.)

రోల్ ఒకే ముక్క కాదు. లోపల నీళ్లు పారే కాలువలున్న ఇరుసు, దానిపై ఉక్కు తొడుగు. బండి చక్రానికి ఇనుప పట్టా కాల్చి తొడిగినట్లే దీన్నీ వేడి చేసి తొడుగుతారు. క్రోమియం, మాలిబ్డినం, వెనేడియం కలిసిన ఫోర్జింగ్ ఉక్కు ఇందుకు వాడుక. ప్రతి చుట్టులోనూ తొడుగు పైభాగం 660 డిగ్రీలు దాటిన లోహాన్ని తాకి, వెంటనే చల్లబడుతుంది. ఇలా వేల చుట్లు తిరిగేసరికి సన్నని నిప్పు పగుళ్లు వస్తాయి. అప్పుడు రోల్ తీసి గ్రైండింగ్ చేయాలి. చేసినప్పుడల్లా తొడుగు పలచబడి, చివరకు కొత్తది వేయవలసి వస్తుంది. తొందరగా గ్రైండింగ్ చేస్తే ఖర్చు. ఆలస్యం చేస్తే పగుళ్ల అచ్చు పట్టీ మీద పడుతుంది.

రాగి తొడుగు వేస్తే? రాగి ఇటువంటి ఉక్కు కంటే సుమారు పది రెట్లు వేడి లాగుతుంది, వేగంగా పోయవచ్చు. కాని మెత్తన, త్వరగా అరుగుతుంది, ఖరీదూ ఎక్కువ. అందువల్ల ఉక్కుదే పైచేయి.

కొనుగోలుదారు ఇక్కడే మోసపోయేది. 900 మి.మీ. రోల్ ఒక చుట్టుకు సుమారు 2.8 మీటర్ల పట్టీ పోస్తుంది. రోల్ మీద ఒకచోట లోతైన పగులుంటే ప్రతి 2.8 మీటర్లకు ఒక గుర్తు పడుతుంది. 6 మి.మీ. పట్టీని 1 మి.మీ.కు సాగదీస్తే ఆ దూరం దాదాపు 17 మీటర్లవుతుంది. అర మీటరు శాంపిల్‌లో అది కనబడే అవకాశం బహు తక్కువ.

సత్తు గిన్నెల సర్కిల్స్‌కు కొద్దిపాటి గుర్తులు అంత నష్టం కాదు. పాలిష్‌లో చాలావరకు పోతాయి. మందుల పాకింగ్ ఫాయిల్‌కు మాత్రం అదే గుర్తు చిల్లవుతుంది. ఫాయిల్ స్టాకు కొనేవారు కన్వర్షన్‌లో నాలుగు రూపాయలు తగ్గించమనేకంటే, రోల్ గ్రైండింగ్ అయ్యాక ఎన్ని టన్నులు పోసిన తర్వాత వచ్చిన కాయిలో అడిగి బిల్లు మీద రాయించుకోవడం మేలు. గిన్నెల సరుకు కొనేవారికి గ్రైండింగ్ ముందు వచ్చే చివరి కాయిల్స్ తగ్గింపు ధరకు దొరికితే లాభమే.