పెన్న వెంబడి సైకిలు మీద

ప్రశ్న: మాది నంద్యాల. మూడు రోజులు ఏటి వెంబడి సైకిలు మీద తిరగాలని ఉంది. ఎటు పోవాలి?

జవాబు: పెన్నను పట్టుకోండి. ఎర్రగుంట్ల వైపు రైలెక్కి జమ్మలమడుగులో దిగితే గండికోట సుమారు 15 కిలోమీటర్లు. ఎక్కుడు వచ్చినచోట దిగి తోసుకుంటూ పోయినా చిన్నతనమేం కాదు. ఎర్రమల కొండలను పెన్న నిలువునా కోసిన చోటది, పొద్దు వాలకముందే చేరండి. రెండోనాడు ప్రొద్దుటూరు మీదుగా పుష్పగిరి, కడప. మూడోనాడు సిద్ధవటం కోట, ఒంటిమిట్ట.

ఎండను మించిన శత్రువు పల్లేరుకాయ. రోడ్డు దిగి గట్టున బండి ఆనించారో, ట్యూబు పోయినట్టే! రెండు ట్యూబులు, ప్యాచీలు, చేతిపంపు ఉండాల్సిందే. వాన పడితే నల్లరేగడి దారుల జోలికి పోవద్దు. మట్టి మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగదు. డిసెంబరు, జనవరి మేలు. ఏట్లో నీళ్లుంటాయని మాత్రం నమ్ముకోకండి, చాలాచోట్ల ఇసుకే. తాగడానికి నాలుగు లీటర్లు మోసుకోండి.

ఈ రుచి తగిలితే, ఇంకోసారి సుంకేసుల నుంచి కడప దాకా కె.సి. (కర్నూలు-కడప) కాలువ పక్క ఊళ్ల మీదుగా రండి. సాగుతోపాటు పడవలూ నడవాలని 1860లలో తవ్విన కాలువ, 300 కిలోమీటర్ల పైమాటే.