కోట్ల ఆస్తి, సమానత్వం మాట

1989 నుంచి కుప్పం ఎమ్మెల్యేగా ఉన్న చంద్రబాబు నాయుడు సుమారు 931 కోట్ల రూపాయలతో దేశంలోకెల్లా సంపన్న ముఖ్యమంత్రి అని అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ (ఏడీఆర్) 2024 డిసెంబరు నివేదిక తేల్చింది. ఇందులో సింహభాగం భార్య పేరిట ఉన్న హెరిటేజ్ ఫుడ్స్ కంపెనీ షేర్లదే. ఆయనే 2025 ఉగాది నాడు పీ4 కార్యక్రమాన్ని ప్రారంభించి, పైనున్న 10 శాతం సంపన్నులు అడుగునున్న 20 శాతం పేదలకు చేయూతనివ్వాలన్నారు. శ్రీరంగనీతులన్న విమర్శ ఇక్కడే పుడుతుంది. కానీ షేరు ధర పెరిగితే పెరిగేది ఆస్తి అంకె, సొంత ఖర్చు కాదు. ఆస్తి ఉండటమే కపటమూ కాదు.

మరి ఆస్తులు ప్రకటించే ఎన్నికల అఫిడవిట్ దండగా? కాదు. 2002 నాటి సుప్రీంకోర్టు తీర్పు పుణ్యమా అని ఓటర్లకు ఫారం 26 అనే ఆ అఫిడవిట్‌లో అభ్యర్థి కుటుంబ ఆస్తులు, అప్పులు, అభ్యర్థిపై ఉన్న కేసులు కనిపిస్తున్నాయి. విలాసాల ఖర్చు లెక్క మాత్రం అందులో ఉండదు. కాబట్టి నేత చిత్తశుద్ధిని పన్నుల్లో, బడ్జెట్ కేటాయింపుల్లో వెతకాలి. పోటీ పరీక్షల అభ్యర్థులు ఫారం సంఖ్యను, తీర్పు సంవత్సరాన్ని గుర్తుంచుకోండి.