నకలుకు నకలు: కమాండ్ లైన్ మీద రెప్లికేషన్

నకలు అనే మాట మా ఊళ్లకు కొత్తది కాదు. పహాణీ నకలు పట్టుకపోనిదే బ్యాంకులో పంట అప్పు పుట్టని రోజులు మా పెద్దలు చూశారు. కంప్యూటర్ లోకంలో ఈ నకలు పనికే రెప్లికేషన్ అని పేరు. సూర్యాపేటలోని బ్యాకప్ నిల్వలో చేరిన మార్పులను మిర్యాలగూడలోని ఇంకో నిల్వకు ఎప్పటికప్పుడు పంపుతూ ఉండటమన్నమాట. తెర మీద బొమ్మలు నొక్కి కూడా ఈ పని చెయ్యవచ్చు. కాని ఆజ్ఞలు టైపు చేసి నడిపే కమాండ్ లైన్ పద్ధతే నాకు నచ్చుతుంది. రాసిన ఆజ్ఞ కళ్లముందు ఉంటుంది, పదిమందికి చూపించవచ్చు. అదే ఆజ్ఞను రోజూ రాత్రి రెండు గంటలకు నడపమని క్రాన్‌కు అప్పగించి మనం పడుకోవచ్చు.

వేరే ఊరు ఎందుకంటారా? 2024 సెప్టెంబరు 1న కోదాడ వరద నీట మునిగింది. నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. అసలూ నకలూ ఒకే గదిలో పెట్టుకున్నవాళ్లకు అలాంటి రోజున రెండూ కలిసే నానుతాయి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రం అంటుకున్నప్పుడు ఉద్యోగులు దాచుకున్న 858 టెరాబైట్ల ఫైళ్లు పోయాయి. వాటికి బయట ఎక్కడా నకలు లేదు.

ఈ పనికి విద్యార్థికి అందుబాటులో ఉన్న పనిముట్టు ఆర్‌సింక్. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరస్ అనే ఇద్దరు 1996లో ఆస్ట్రేలియాలో దీన్ని తయారుచేశారు. ఉచితం. దీని కిటుకు చూడండి: గమ్యంలో ఉన్న పాత ఫైలును ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు చెక్‌సమ్ అనే లెక్క కట్టి, ఆ లెక్కలను మాత్రం మూలానికి పంపుతుంది. అక్కడ పోల్చిచూసి తేడా వచ్చిన భాగాలే తరలిస్తుంది. మడి మొత్తం మళ్లీ దున్నకుండా చచ్చిన కుదుళ్ల చోటనే నారు పెట్టినట్టు. లైను మీద భారం తగ్గించాలంటే బిడబ్ల్యూలిమిట్ అనే ఐచ్ఛికం ఉంది. తూము షట్టరు ఎంత లేపితే అన్నే నీళ్లు కదా! పగలు కొంచెమే లేపి, రాత్రి పూర్తిగా తెరవవచ్చు.

ఇక అసలు ప్రమాదం దిశలో ఉంది. ఆజ్ఞలో ముందు రాసేది మూలం, తర్వాత రాసేది గమ్యం. మూలంలో లేనివాటిని గమ్యంలోనూ తీసెయ్యమనే డిలీట్ ఐచ్ఛికం పెట్టి, రెండు పేర్లూ తారుమారు చేస్తే ఖాళీ నకలు వచ్చి నిండు గాదెను ఊడ్చేస్తుంది. "నిజంగా చెయ్యాలా?" అని యంత్రం అడగదు. అందుకని జర ఆగి, ముందు డ్రై రన్ పెట్టి చూడాలి. ఏవి పోతాయో ఏవి వస్తాయో జాబితా చూపిస్తుంది, ఏ ఫైలునూ ముట్టుకోదు.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగింది ఇలాంటిదే. వెనకబడిన నకలును మళ్లీ మొదలుపెడదామని దాని డేటా తుడవబోయిన ఇంజనీరు, ఆజ్ఞను అసలు డేటాబేసు ఉన్న సర్వరు మీద నడిపాడు. తేరుకుని ఆపేసరికి దాదాపు 300 గిగాబైట్లలో నాలుగున్నర మిగిలింది. నకలు సర్వరు అప్పటికే ఖాళీ. రోజువారీ బ్యాకప్పులు ఎప్పటినుంచో విఫలమవుతున్నాయి. ఆ సంగతి చెప్పే ఈమెయిళ్లు తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. సుమారు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి గట్టెక్కారు.

రెప్లికేషన్ ఉంటే బ్యాకప్ ఉన్నట్టే అనుకునే మిత్రులతో నాకు పేచీ ఇక్కడే. మంచినీ చెడునీ ఒకే నిజాయితీతో మోసుకుపోవడం నకలు స్వభావం. సర్వే నంబరు పక్కన ఒక అంకె తప్పు పడితే రెండో ఊళ్లోనూ అదే తప్పు తయారవుతుంది. ఇక రెండు నకళ్లుండి ఏం ఫాయిదా? నిన్నటి రూపం, మొన్నటి రూపం విడివిడిగా నిలిపి ఉంచే స్నాప్‌షాట్లు గమ్యంలో కూడా ఉండాలి. అక్కడ వాటిని తుడిచే అధికారం మూలంలోని యూజరుకు ఇవ్వకూడదు.

పని ముగిశాక ఆర్‌సింక్ ఒక సంఖ్య చెప్పి పోతుంది. సున్నా అయితే సవ్యంగా జరిగింది. 23 అయితే కొన్ని ఫైళ్లు తరలలేదు. 24 అయితే మధ్యలో మూలం నుంచి కొన్ని మాయమయ్యాయి. ఇది నేర్చుకోవడానికి రెండు ఊళ్లు అక్కరలేదు. మన ల్యాబులో ఒకే కంప్యూటరులో రెండు ఫోల్డర్లు పెట్టుకుని, పనికిరాని ఫైళ్లతో ఒక సాయంత్రం ఆడుకుంటే చాలు. డిలీట్‌ను మాత్రం డ్రై రన్ తర్వాతే ముట్టుకోండి.