బిడ్డ పేరున మొక్కుకునే ముందు: కతోలిక తల్లిదండ్రులు చేయవలసినవి, చేయకూడనివి

ఫిబ్రవరిలో గుణదల, మార్చిలో గౌరీపట్నం నిర్మలగిరి మరియమాత ఉత్సవాలు. ఏలూరు మేత్రాసనంలో ఈ రెండు కొండలూ ఎక్కని కతోలిక కుటుంబం అరుదు. కొవ్వొత్తులు, కొబ్బరికాయలు, తలనీలాల మొక్కులతో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఇంకో మొక్కుతోనే. పురిట్లో బిడ్డ దక్కదన్నప్పుడో, జ్వరం దిగనప్పుడో "బతికిస్తే నీకే ఇచ్చేస్తాం తల్లీ" అనేస్తారు. బిడ్డ బతుకుతుంది, పెరుగుతుంది, పదో తరగతి పాసవుతుంది. అమ్మాయేమో నర్సింగు చదువుతానంటుంది. "నిన్నెప్పుడో దేవుడికి ఇచ్చేశామే" అంటుంది అమ్మమ్మ. ఆ మాట విన్న పిల్లకు ఇక నోరు పెగలదు.

అందుకే అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇది: బిడ్డ తరఫున మీరు మొక్కిన మొక్కు బిడ్డను కట్టెయ్యదు. ఇది నా సొంత అభిప్రాయం కాదు. 1983 నాటి తిరుసభ చట్టంలో 1193వ అధికరణం ప్రకారం మొక్కు మొక్కినవారికే వర్తిస్తుంది. ఇక మీ మెడకు చుట్టుకున్న మొక్కు సంగతంటారా, తగిన కారణం ఉంటే దాన్ని విడిపించే అధికారం మీ విచారణ గురువులకే ఉంది. అది 1196వ అధికరణం. ఇందుకోసం రోముకు రాయనక్కర్లేదు, బిషప్ గారి అపాయింట్‌మెంటూ అక్కర్లేదు.

"మరి హన్నా సమూయేలును దేవుడికి ఇవ్వలేదా?" అని అడుగుతారు. ఇచ్చింది. కానీ ఆ కథను చివరిదాకా చదవాలి. తల్లి బిడ్డను గుడిలో విడిచిపెట్టిన రోజున పిలుపు రాలేదు. అది తర్వాత, రాత్రిపూట, నేరుగా పిల్లాడికే వచ్చింది. బదులు పలికింది కూడా పిల్లాడే.

చేయవలసినవి

ఇంట్లో విశ్వాసం నేర్పండి. పిల్లలకు మొదటి గురువులు తల్లిదండ్రులేనని రెండవ వాటికన్ మహాసభ 1965లోనే విద్యపై చేసిన ప్రకటనలో చెప్పింది. ఆదివారం సత్యోపదేశ తరగతికి పంపేసి, మిగతాది సిస్టర్లు చూసుకుంటారని ఊరుకుంటే కుదరదు. కొల్లేటి లంకల్లో చేపల చెరువు గట్టు మీద కాపలా పాకలో ఉండే కుటుంబమైనా సరే, పడుకునే ముందు జపమాలలో ఒక్క రహస్యం చెప్పుకోవచ్చు. పిల్లలు ప్రశ్నలడిగితే అడగనివ్వండి. జవాబు తెలియకపోతే "ఫాదరుగారిని అడుగుదాం" అనండి. తప్పుడు జవాబు కన్నా అది మేలు.

అమెరికాలో కొన్ని కతోలిక కుటుంబాలు పిల్లల్ని బడికే పంపకుండా ఇంట్లో చదివిస్తాయి. మనకు అది అలవాటు లేదు, నన్నడిగితే అవసరమూ లేదు. 6 నుంచి 14 ఏళ్ల దాకా బడి చదువు పిల్లల హక్కని 2009 నాటి చట్టం చెబుతోంది. ఏ కారణం చేతనైనా బడి ఆగిపోతే ఓపెన్ స్కూలు ఉంది. జాతీయ ఓపెన్ స్కూలు సంస్థలో 14 ఏళ్లు నిండినవాళ్లు పదో తరగతి కోర్సులో చేరవచ్చు.

దారులు చూపించండి, అన్నీ. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది. ఆ పక్కనే వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం. నూజివీడులో పదో తరగతి తర్వాతే చేర్చుకునే ట్రిపుల్ ఐటీ. ఏలూరులో జె.ఎం.జె. సిస్టర్లు 1953లో పెట్టిన సెయింట్ థెరిసా మహిళా కళాశాల. చేపల చెరువుల మధ్య పెరిగిన కుర్రాడికి ముత్తుకూరు మత్స్య కళాశాల పేరైనా చెప్పారా? వీటితోపాటే గురువిద్యాలయం గురించీ, కాన్వెంటు గురించీ చెప్పండి, దాచకండి. ఎంచుకోమనే ముందు ఎంచుకోవడానికి ఏమేమున్నాయో పిల్లలకు తెలియాలి కదా.

దైవపిలుపు శిబిరానికి పంపేటప్పుడు ఎవరు తీసుకెళ్తున్నారో, ఎన్ని రోజులో, రాత్రి ఎక్కడ పడుకుంటారో అడిగి తెలుసుకోండి. అడిగితే ఫాదరుగారు ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు. మంచివాళ్లు ఎవరూ ఏమీ అనుకోరు. పదో తరగతి అయ్యాక కాన్వెంటులో చేరతానని పిల్లే తనంతట తాను అంటే, ఇంటర్మీడియెట్ చదివిస్తారా, ఇంటికి ఎప్పుడెప్పుడు పంపుతారు, ఫోను ఎలా అన్నవి ముందే మాట్లాడుకోండి. సర్టిఫికెట్ల నకళ్లు మీ దగ్గర ఉంచుకోండి. తిరుగు ప్రయాణానికి బస్సు చార్జీ పిల్ల చేతికే ఇవ్వండి. ఎప్పుడైనా వచ్చెయ్యవచ్చని మాటల్లో చెబితే చాలదు.

వయసులు గుర్తుపెట్టుకోండి. 17 ఏళ్లు నిండకుండా నొవిషియేటులో, అంటే మఠంలోని తొలి శిక్షణలో, చేర్చుకుంటే అది చెల్లదు. మొదటి మాటపట్టుకు 18, నిత్య మాటపట్టుకు 21, గురుపట్టానికి 25. తిరుసభే ఇన్నాళ్లు ఆగుతున్నప్పుడు మనకెందుకు తొందర?

చేయకూడనివి

బలవంతం చేయకండి. బలవంతం వల్లో భయం వల్లో నొవిషియేటులో చేరితే ఆ చేరికే చెల్లదంటుంది తిరుసభ చట్టంలోని 643వ అధికరణం. ఆడపిల్లను బలవంతంగా మఠంలో పెట్టేవాళ్లకు బహిష్కార శిక్ష అని 1563లోనే ట్రెంట్ మహాసభ తీర్మానించింది. నాలుగు వందల అరవై ఏళ్ల కిందటి మాట, ఇంకా మన ఇళ్లకు చేరలేదు.

అడ్డుపడకండి కూడా. ఒక్కగానొక్క కొడుకు ఫాదరవుతానంటే ఇల్లంతా ఏడుపులు. పునీత తోమాసు అక్వినాసును ఇలాగే సొంత అన్నదమ్ములు పట్టుకెళ్లి ఏడాదికి పైగా ఇంట్లో బంధించారు. ఆయన మనసు మారలేదు.

ఐ.ఐ.టి.కి మొక్కుకున్నవాళ్లు ఇది మాకు కాదులే అనుకోవద్దు. పుట్టకముందే ఎం.పి.సి. ఖాయం చేసి, విజయవాడ హాస్టల్లో పడేసి, "నీ మీదే ఆశలన్నీ" అనడం కూడా బిడ్డను అడక్కుండా బిడ్డను ఇచ్చేయడమే. ఉద్యోగం, పెళ్లి విషయాల్లో పిల్లలకు సలహా ఇవ్వవచ్చు గానీ ఒత్తిడి పెట్టకూడదని 1992 నాటి కతోలిక సత్యోపదేశ గ్రంథం 2230వ పేరాలో ఉంది. చాలా ఇళ్లలో సలహా పేరుతో జరిగేది ఒత్తిడే.

ప్రార్థనను శిక్షగా వాడకండి. జపమాలకు రాకపోతే అన్నం లేదనడం, అల్లరి చేస్తే పీఠం ముందు మోకాళ్ల మీద నిలబెట్టడం, ప్రతి తప్పుకూ నరకం చూపించడం. ఇలా పెరిగిన పిల్లలు పద్దెనిమిదేళ్లు రాగానే గుడి మొహం చూడరు. తప్పు వాళ్లదీ కాదు, దేవుడిదీ కాదు.

కాన్వెంటు నుంచి తిరిగొచ్చిన పిల్లను సూటిపోటి మాటలనకండి. మన ఊళ్లలో అన్నిటికన్నా క్రూరంగా జరిగేది ఇదే. "తరిమేశారంట", "ఏదో ఉందిలే" అంటూ నాలుగు నెలలు గుసగుసలు. మేనత్తలు సంబంధాలు తెస్తూనే నిట్టూరుస్తారు. వీళ్లందరికీ ఒక కథ చెప్పాలి. మనం చిన్న తెరేజమ్మ అని కొలిచే లిజియూ పునీతకు లియోనీ అనే అక్క ఉండేది. ఆ అక్క మఠంలో చేరి తిరిగొచ్చింది. మళ్లీ చేరి మళ్లీ వచ్చింది. మూడోసారీ నిలవలేదు. నాలుగోసారి, 1899లో, కాన్ పట్టణంలోని విజిటేషన్ మఠంలో చేరి చనిపోయేదాకా అక్కడే ఉంది. 2015లో ఆమెను పునీతురాలిగా ప్రకటించే ప్రక్రియ మొదలైంది. అదే ఏడాది ఆమె తల్లిదండ్రులు లూయీ, జెలీలను పోపు ఫ్రాన్సిసు పునీతులుగా ప్రకటించారు. మూడోసారి ఇంటికొచ్చినప్పుడు లియోనీని గుమ్మంలోనే ఆపేసి ఉంటే? మీ పిల్ల నాలుగోసారి వెళ్తుందో, బ్యాంకు పరీక్ష రాస్తుందో మీకెందుకు? ముందు అన్నం పెట్టండి.

ఆఖరుగా ప్రాణానికి సంబంధించినవి. ఫలానా ఆయన దగ్గరకు వెళ్లనని పిల్ల మొండికేస్తే, ఆ ఫలానా ఆయన ప్రార్థన చేయడానికి వచ్చేవాడైనా, సొంత బాబాయైనా, ముందు పిల్ల మాట నమ్మండి. పరువు లెక్కలు తర్వాత. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక దాడి జరిగిందని తెలిసీ దాచడం నేరం. తిండి మానేసినా, ఇష్టమైన వస్తువులు ఎవరెవరికో ఇచ్చేస్తున్నా, చావు మాట ఎత్తినా చదువు సంగతీ పిలుపు సంగతీ ఆ క్షణమే పక్కన పెట్టి 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, తెలుగులోనే మాట్లాడతారు.

బిడ్డ పేరున ఎప్పుడో మొక్కుకున్నవాళ్లు ఈ ఆదివారం పూజ అయ్యాక ఫాదరుగారి గదికి వెళ్లి విషయం చెప్పండి. మొక్కుకున్నది మీరు కాబట్టి బిడ్డను వెంటబెట్టుకుని వెళ్లకండి.